బావగారు తెచ్చిన గైజర్‌విల్ రెడ్ వైన్: వైజాగ్ ఎండల్లో దీన్ని ఎలా తాగాలి?

మల్లెతీగ (ఎంవీపీ కాలనీ)

అందరికీ నమస్తే. మా బావగారు అమెరికాలో, కాలిఫోర్నియాలోని శాన్‌హోసేలో ఉంటారు. సంక్రాంతికి వచ్చినప్పుడు ఒక రెడ్ వైన్ బాటిల్ తెచ్చి మా ఆయన చేతిలో పెట్టారు. "ఏదో ఒక పార్టీలో ఖర్చు చేసేయకండి, మంచి రోజు చూసి తీయండి" అని మరీ మరీ చెప్పి వెళ్లారు. అప్పటి నుంచి అది బీరువా కింది అరలో పాత పట్టుచీరల పక్కన పడుకోబెట్టి ఉంది.

వచ్చే శనివారం మా అత్తగారు, మామగారి పెళ్లిరోజు. ఆ రోజే తీద్దామని అనుకుంటున్నాం. బాటిల్ మీద రిడ్జ్, గైజర్‌విల్ అని ఉంది. జిన్‌ఫాండెల్, కారిన్యాన్, పెటీట్ సిరా అని పేర్లు వేసి, పక్కన ఏది ఎంత శాతమో కూడా రాశారు. ఆల్కహాల్ 14 శాతం దాటింది. బావగారేమో ఇది సింగిల్ వైన్‌యార్డ్ వైన్ అన్నారు. ఒకే తోటదైతే ఇన్ని రకాల ద్రాక్ష ఎందుకు కలిపారో నాకు అర్థం కాలేదు.

తాగేది ఐదుగురం. మామగారికి అప్పుడప్పుడు విస్కీ అలవాటు. మిగతా వాళ్లం వైన్ రుచి చూసింది తక్కువే. మెనూ రొయ్యల వేపుడు, గోంగూర మటన్, చివర్లో మాడుగుల హల్వా. ఇంట్లో వైన్ గ్లాసులు లేవు, కార్క్ తీసే స్క్రూ కూడా లేదు. ఫ్రిజ్‌లో పెట్టాలా వద్దా? ఎంత ముందు తీయాలి? ఇంత దూరం నుంచి జాగ్రత్తగా మోసుకొచ్చిన బాటిల్, మా చేతుల్లో పాడవుతుందేమోనని టెన్షన్‌గా ఉంది. తెలిసినవాళ్లు చెప్పగలరు.

రుషికొండ రన్నర్

ఫ్రిజ్ వద్దండి. వైట్ వైన్ చల్లగా, రెడ్ వైన్ రూమ్ టెంపరేచర్‌లో తాగాలి. ఎక్కడ చదివినా ఇదే రాస్తారు. ఓ గంట ముందు మూత తీసి పెడితే సరిపోతుంది.

ఓడ స్టీవార్డ్

మల్లెతీగ గారూ, నేను చాలా ఏళ్లు ఓడల్లో స్టీవార్డ్‌గా చేసి, దిగాక బీచ్ రోడ్డులో ఒక హోటల్ రెస్టారెంట్‌లో పనిచేశాను. మీ దగ్గరున్నది నాకు చాలా ఇష్టమైన వైన్. అందుకే కాస్త పెద్దగానే రాస్తున్నాను, ఓపిగ్గా చదవండి.

ముందు తోట సంగతి. ద్రాక్ష ఎక్కడ పండిందో చెప్పేది సింగిల్ వైన్‌యార్డ్ అన్న మాట. ఎన్ని రకాల ద్రాక్ష కలిసిందో చెప్పేది బ్లెండ్ అన్న మాట. ఒకే తోటలో నాలుగు రకాలు పండితే వైన్ రెండూ అవుతుంది. అమెరికాలో లేబుల్ మీద ఒక తోట పేరు వేయాలంటే కనీసం 95 శాతం ద్రాక్ష ఆ తోటదే కావాలి. ద్రాక్ష రకం పేరుతో అమ్మాలంటే ఆ రకం కనీసం 75 శాతం ఉండాలి. మీ దాంట్లో జిన్‌ఫాండెల్ ఎంతుందో లేబుల్‌లో చూడండి. ఈ వైన్‌లో చాలా ఏళ్లు అది 75కి అందదు. అందుకే దీన్ని జిన్‌ఫాండెల్ అని అమ్మరు, గైజర్‌విల్ అనే అంటారు.

ఈ వైన్ తయారుచేసే రిడ్జ్ వైనరీ ఉన్నది కూపర్టినో ఊరి పైన, మాంటే బెల్లో కొండ మీద. మీ బావగారికి కారులో దగ్గరే. గైజర్‌విల్ తోట మాత్రం ఇంకా ఉత్తరాన, సోనోమా కౌంటీలోని అలెగ్జాండర్ వ్యాలీలో ఉంది. అక్కడి ద్రాక్షతో వీళ్లు 1966 నుంచి ఈ వైన్ చేస్తున్నారు. తోటలో ఓల్డ్ ప్యాచ్ అని ఒక ముక్క ఉంది. 19వ శతాబ్దంలో నాటిన తీగలు అందులో ఇప్పటికీ కాపు ఇస్తున్నాయి. ఆ కాలపు రైతులు రకానికో మడి కట్టకుండా అన్నీ కలిపి నాటేవారు, మన పాడేరు కొండల మీద చోడి, సామ, కంది ఒకే పొలంలో చల్లినట్టు. కోత కూడా కలిపే కోసేవారు. అంటే ఇలాంటి వైన్‌లో బ్లెండ్ అన్నది తోటలోనే మొదలైంది.

ఆ కలపడంలో తెలివి ఉంది. జిన్‌ఫాండెల్ గుత్తి అంతా ఒకేసారి పండదు. ఒకే గుత్తిలో కొన్ని పండ్లు పచ్చిగా ఉండగానే కొన్ని ఎండుద్రాక్షలా ముడుచుకుపోతాయి. పండ్ల రుచి, తియ్యటి వాసన దాని నుంచి వస్తాయి. కానీ ఒక్కటే అయితే ఒక్కోసారి మొద్దుగా అనిపిస్తుంది. కారిన్యాన్ దానికి పులుపు ఇచ్చి నిటారుగా నిలబెడుతుంది. పెటీట్ సిరా చిన్న పండు, మందం తొక్క. రంగూ వగరూ దానివే. కొన్ని ఏళ్లు అలికాంటే బూషే అనే రకం కూడా కొద్దిగా కలుస్తుంది. మామూలు నల్ల ద్రాక్షను చిదిమితే లోపల గుజ్జు పాలిపోయి ఉంటుంది కదా, దీనికి గుజ్జు కూడా ఎర్రగానే ఉంటుంది.

ఇంకొక మాట చెప్పకుండా ఉండలేను. మన రాష్ట్రంలో 1995లో మద్యనిషేధం పెట్టి రెండేళ్లకు ఎత్తేశారు. అమెరికా మొత్తం మీద 1920 నుంచి 1933 దాకా నిషేధం నడిచింది. ఇంట్లో వాడుకకి కొంత చేసుకోవడానికి మాత్రం చట్టంలో సందు ఉండేది. ఆ ఇళ్లకి రైళ్లలో ద్రాక్ష పంపి చాలామంది రైతులు తోటలు నిలబెట్టుకున్నారు. కాలిఫోర్నియాలో ఇంత ముసలి తీగలు ఈనాటికీ బతికి ఉన్నాయంటే అదీ ఒక కారణం. మీరు తాగేది అలాంటి తీగల పంట. ఆ సంగతి శనివారం మామగారికి చెప్పండి, పెళ్లిరోజు నాడు వినడానికి బాగుంటుంది.

ఇక అసలు విషయం, వేడి. రన్నర్ గారూ, మీరు చదివింది తప్పు కాదు, కానీ ఆ మాట పుట్టింది చలిదేశాల్లో. అక్కడి పాత ఇళ్లలో గది వేడి 18 డిగ్రీల దగ్గర ఉండేది. మన ఎంవీపీలో మే నెల సాయంత్రం గదిలో 31, 32 ఉంటుంది, పైగా ఉక్క. ఆ వేడిలో 14 శాతం దాటిన వైన్ పోస్తే ముందు ముక్కుకి కొట్టేది స్పిరిట్ ఘాటే. పండు వాసన ఎక్కడికో పోతుంది, గుటక వేస్తే గొంతులో మంట. "రెడ్ వైన్ నాకు పడదు" అనేవాళ్లలో చాలామంది వేడి వైన్ తాగి అలా అన్నవాళ్లేనని నా గట్టి నమ్మకం.

కాబట్టి ఫ్రిజ్‌లో పెట్టండి. ఇంటర్నెట్‌లో అరగంట చాలంటారు. ఏసీ 21 మీద తిరిగే ఇంటికి ఆ లెక్క. మన వేడి నుంచి 16, 17 డిగ్రీలకు దిగాలంటే మామూలు ఫ్రిజ్‌లో గంటన్నర నుంచి రెండు గంటలు పడుతుంది. డోర్‌లో కాకుండా లోపలి అరలో పెట్టండి. ఆలస్యమైతే బకెట్‌లో సగం ఐసు, సగం నీళ్లు, గుప్పెడు కల్లుప్పు వేసి బాటిల్‌ని మెడ దాకా ముంచండి. పది, పన్నెండు నిమిషాలు చాలు. ఉత్త ఐసు ముక్కల్లో గుచ్చితే అంత తొందరగా చల్లబడదు, నీళ్లు ఉండాల్సిందే. చేత్తో పట్టుకుంటే బాటిల్ చల్లగా తగలాలి, కానీ దాని మీద నీళ్లు ధారగా కారకూడదు. మరీ చల్లగా అయిపోతే వాసన ముడుచుకుపోయి వగరు ఒక్కటే మిగులుతుంది.

ఫ్రిజ్ నుంచి తీశాక బాటిల్‌ని రెండు, మూడు గంటలు నిలబెట్టి ఉంచే అవకాశం ఉండదు కాబట్టి, బీరువాలో పడుకున్న దాన్ని శుక్రవారం రాత్రే లేపి నిలబెట్టండి. ఫ్రిజ్‌లో కూడా నిలబెట్టే ఉంచండి. ఈ వైన్‌ని ఎక్కువగా వడకట్టరు, మడ్డి ఉంటే అడుక్కి దిగుతుంది. స్క్రూ కొనేటప్పుడు మడతపెట్టేది, పక్కన చిన్న కత్తి, లివర్ ఉన్నది తీసుకోండి. జగదాంబ వైపు వంటసామాన్ల షాపుల్లో అడిగి చూడండి. స్క్రూ కార్క్ మధ్యలో దిగాలి, వంకరగా దిగితే కార్క్ తునుగుతుంది. ఒకవేళ తునిగినా కంగారు పడకండి. ముక్కని లోపలికి తోసేసి, ఉతికిన పల్చటి నూలు గుడ్డలో వడకట్టుకోండి.

మూత తీసి వదిలేస్తే పెద్దగా ప్రయోజనం లేదు, ఆ మెడలోంచి గాలి ఎంత పోతుంది? ఒక గాజు జగ్గులోకి మెల్లగా వంచండి. చివర్లో నల్లటి మడ్డి మెడ దగ్గరికి వస్తుంటే ఆపేయండి. స్టీలు జగ్గు అయినా ఇబ్బంది లేదు. ఇత్తడి, రాగి పాత్రలు మాత్రం వద్దు, వైన్ పులుపుకి లోహం దిగుతుంది. జగ్గులో అరగంట ఉంటే చాలు.

గ్లాసులు లేకపోతే పల్చటి అంచున్న గాజు గ్లాసులు వాడండి, పైన కాస్త మూసుకున్నట్టు ఉన్నవైతే ఇంకా మంచిది. మూడో వంతు కంటే ఎక్కువ పోయకండి, వాసన నిలవడానికి పైన చోటు కావాలి. పొద్దున్నే ఆ గ్లాసులు వేడినీళ్లతో కడిగి, అంట్లు తోమే సబ్బు వాసన లేకుండా బోర్లించి ఆరబెట్టండి. ఇంకొకటి. పెళ్లిరోజు కదా, ఇంట్లో అగరొత్తులు, మల్లెపూలు ఉంటాయి. పూజ గదిలో అవి ఉండాల్సినవే. భోజనాల బల్ల దగ్గర మాత్రం ఓ గంట వద్దు. మల్లెల వాసన ముందు ఏ వైన్ అయినా ఓడిపోతుంది.

750 మిల్లీలీటర్ల బాటిల్ ఐదుగురికి తలా 150 వస్తుంది. ఒకేసారి పోసేయకండి. మొదట కొద్దిగా పోసి, రెండోసారి అరగంట ఆగి పోయండి. చల్లగా ఉన్నప్పుడు మొదట మిరియాలు, వైన్ నిలవ ఉంచిన ఓక్ చెక్క పీపా వాసన తెలుస్తాయి. గ్లాసు చేతిలో కొంచెం వెచ్చబడ్డాక నేరేడు, ఎండుద్రాక్ష వాసన పైకి వస్తుంది. వగరు కూడా మెత్తబడుతుంది. కలిసిన ద్రాక్ష రకాలు ఒక్కొక్కటిగా బయటికి రావడం అప్పుడే తెలుస్తుంది. బ్లెండ్ తాగడంలో ఆనందం అదే. విస్కీలా గుటకేస్తే ఇదంతా పోతుంది. మామగారిని ఒక గుక్క నోట్లో రెండు క్షణాలు ఉంచమనండి. షుగర్‌కో బీపీకో మందులు వాడుతుంటే ఆయన డాక్టర్‌ని ముందే ఒక మాట అడగండి.

మెనూ గురించి మళ్లీ రాస్తాను, అది వేరే కథ.

మల్లెతీగ (ఎంవీపీ కాలనీ)

ఇంత వివరంగా రాసినందుకు చాలా థాంక్స్ అండీ. మామగారికి చదివి వినిపించాను, తోట కథ ఆయనకి బాగా నచ్చింది. కానీ గోంగూర మటన్ ఉండాల్సిందే అంటున్నారు. కారం తగ్గిస్తే అది గోంగూర మటనే కాదట. ఏం చేయమంటారు?

అరకు రోడ్

మా ఇంట్లో ఇలాంటి సందర్భాలకి బొంగులో చికెన్ చేయిస్తాం. లేత వెదురు బొంగులో మసాలా పట్టించిన ముక్కలు కూరి, అడ్డాకుతో మూతి బిగించి నిప్పుల మీద తిప్పుతారు. నూనె అక్కర్లేదు. కారం మన చేతిలో ఉంటుంది. పొగ వాసన మెత్తగా పడుతుంది, ముక్క నీరు పోకుండా ఉడుకుతుంది. రెడ్ వైన్‌తో నేను తిన్నవాటిలో దీనంత బాగా కుదిరింది ఇంకోటి లేదు. ఇప్పుడు వైజాగ్‌లో కూడా చాలాచోట్ల చేస్తున్నారు. ఆర్డర్ ఇచ్చేటప్పుడు "పచ్చిమిర్చి సగం" అని గట్టిగా చెప్పండి.

ఓడ స్టీవార్డ్

అరకు రోడ్ గారు చెప్పింది బంగారం లాంటి మాట. నేనూ అదే చెప్పబోయాను.

మల్లెతీగ గారూ, మామగారి గోంగూర మటన్ ఆయనకి ఉండనివ్వండి. పెళ్లిరోజు ఆయనది. వైన్‌ని మాత్రం దానికి ముందే తాగేయండి. కారం నాలుక మీద ఉన్నప్పుడు ఆల్కహాల్ ఆ మంటని ఇంకా రేపుతుంది, వగరు గీసుకున్నట్టు అవుతుంది. గోంగూర పులుపు ముందు వైన్‌లోని పులుపు తేలిపోయి చప్పగా అనిపిస్తుంది. గోంగూరలో లోపం లేదు, వైన్‌లోనూ లోపం లేదు. రెండిటికీ ఒకే ముద్దలో కుదరదు, అంతే.

రొయ్యల వేపుడు కూడా వైన్‌తో వద్దు. రెడ్ వైన్‌లో ఉండే ఇనుము చేపలు, రొయ్యల్లోని కొవ్వుతో కలిస్తే నోట్లో నీచు వాసన మిగులుతుంది. హార్బర్ నుంచి పొద్దున్నే తెచ్చిన తాజా రొయ్య అయినా సరే, ఆ రుచి చెడుతుంది. రొయ్యల్ని అందరూ రాగానే మజ్జిగతోనో సోడాతోనో పెట్టేయండి. తర్వాత నోరు పుక్కిలించుకుని, రెండు ముక్కలు ఉత్త బ్రెడ్డో పుల్కానో తిని వైన్ మొదలుపెట్టండి.

వైన్‌తో పాటు ఉప్పేసి వేయించిన పలాస జీడిపప్పు ఒక గిన్నెలో పెట్టండి. ఉప్పు, కొవ్వు రెండూ వగరుని లొంగదీస్తాయి. ఆ తర్వాత బొంగులో చికెన్ కానీ, ఇంట్లోనే మటన్ వేపుడు కానీ. మటన్ వేపుడు చేస్తే కొవ్వున్న ముక్క తీసుకోండి. ఉల్లిపాయ ముదురు గోధుమ రంగు వచ్చేదాకా ఓపిగ్గా వేయించండి. ఎండుమిర్చి కారం బదులు అప్పుడే దంచిన మిరియాలు, ధనియాలు, కొద్దిగా ఎండు కొబ్బరి వేయండి. నిమ్మరసం పిండకండి. ఆ వేపుడు ముక్క నమిలి ఒక గుక్క తాగితే వగరు ఎక్కడికి పోయిందో తెలియదు. మాంసంలోని ప్రోటీన్ దాన్ని పట్టేసుకుంటుంది. మాంసం తినని వాళ్లకి గుత్తి వంకాయ చేయండి, నువ్వులు, వేరుశనగ పొడి ఎక్కువ వేసి, చింతపండు తగ్గించి.

జగ్గు ఖాళీ అయ్యాక అన్నం, గోంగూర మటన్ వడ్డించండి. మామగారు సంతోషంగా తింటారు. మాడుగుల హల్వా అన్నిటికంటే చివర. అంత తీపి తిన్న నోటికి ఈ వైన్ పుల్లగా, చేదుగా తగులుతుంది. కాబట్టి హల్వా పళ్లెం బల్ల మీదకి వచ్చేసరికి గ్లాసులు తీసేయండి.

సిరిపురం సాయంత్రాలు

శనివారం లోపు ఒకసారి ప్రాక్టీస్ చేద్దామనుకుంటే మన దేశపు బ్లెండ్ ఒకటి తీసుకుని చూడండి. గ్రోవర్ జాంపా వాళ్ల లా రిజర్వ్ ఉంది. నంది హిల్స్ దగ్గర పండిన కాబర్నే సావిన్యోన్, షిరాజ్ కలిపి చేస్తారు. మహారాష్ట్ర అక్లూజ్ వైపు ఫ్రాటెలీ వాళ్లది సెట్టె అని ఉంది, అందులో సాంజొవేసె, కాబర్నే సావిన్యోన్. షాపులో అడిగి చూడండి, దొరికితే ఇదే పద్ధతిలో ఒకటి చల్లబరిచి, ఒక గ్లాసు చల్లబరచకుండా పక్కన పెట్టి తాగండి. స్టీవార్డ్ గారు వేడి గురించి రాసినదంతా ఒక్క గుక్కలో అర్థమవుతుంది. నాకు ఆ తేడా తెలిసింది అలాగే.

ఇక్కడ ఒక విశేషం చెప్పాలి. మన వాతావరణంలో ద్రాక్ష తీగ చలికి నిద్రపోదు. అందుకే ఏడాదికి రెండుసార్లు కొమ్మలు కత్తిరించి, కాపు చలికాలంలో పెరిగి ఫిబ్రవరి, మార్చిలో కోతకి వచ్చేలా చూస్తారు. గైజర్‌విల్ వైపు కోత అక్కడి ఎండాకాలం చివర, సెప్టెంబర్ ఆ ప్రాంతంలో. మన ద్రాక్షకి ఎండ ఎక్కువ కావడం వల్ల పులుపు త్వరగా పడిపోతుంది. దాన్ని కాపాడుకోవడానికి ఇక్కడి రైతులు పడే శ్రమ తక్కువేం కాదు. ఈ రెండు బాటిళ్లూ ఆ శ్రమకి తగ్గట్టే ఉంటాయి.

మల్లెతీగ (ఎంవీపీ కాలనీ)

బొంగులో చికెన్ ఆర్డర్ ఇచ్చేశాం. జీడిపప్పు అత్తగారు వేయిస్తానన్నారు. ఆవిడ తాగరు కానీ వాసన చూస్తానని అంటున్నారు. ఆఖరి ప్రశ్న. మాలో ఇద్దరు సగం గ్లాసుతో ఆపేస్తారు. మిగిలింది ఏం చేయాలి? అలాగే ఆ రాత్రి మా మరిది గాజువాక దాకా బండి మీద వెళ్లాలి.

ఓడ స్టీవార్డ్

మరిది గారి సంగతి ముందు. బండి తీసే పని ఉంటే ఆయనకి గ్లాసు పోయకండి. ఆ రాత్రి మీ ఇంట్లోనే పడుకుంటే మాత్రం హాయిగా పోయండి.

మిగిలిన వైన్‌ని పెద్ద బాటిల్‌లో సగం ఖాళీతో ఉంచితే లోపలున్న గాలికే పాడవుతుంది. సోడా తాగిన చిన్న గాజు బాటిల్ ఒకటి వేడినీళ్లతో కడిగి, పూర్తిగా ఆరబెట్టి సిద్ధంగా ఉంచుకోండి. భోజనాలు అయ్యేదాకా ఆగకుండా, జగ్గులోకి వంచేటప్పుడే ఆ ఇద్దరు తాగకుండా వదిలే వాటా దాంట్లో అంచు దాకా నింపి, మూత బిగించి ఫ్రిజ్‌లో పెట్టేయండి. మూడు రోజుల దాకా నిక్షేపంగా ఉంటుంది. మళ్లీ తాగేటప్పుడు గ్లాసులో పోసి పావుగంట బయట ఉంచండి, ఫ్రిజ్ చల్లదనం మరీ ఎక్కువ. ఆదివారం రాత్రి మీరూ మీ ఆయనా ఆ చిన్న బాటిల్ తీయండి, రెండో రోజు పెటీట్ సిరా వగరు ఇంకా కరిగి ఉంటుంది. మూడు రోజులు దాటితే తాగొద్దు. మటన్ ఉడికేటప్పుడు కుక్కర్‌లో పోసేయండి, ముక్క బాగా మెత్తబడుతుంది.

అత్తగారికి మొదటి గ్లాసు వాసన చూపించకండి. అరగంట తర్వాత రెండోసారి పోసినది ఇవ్వండి, వాసన బాగా విచ్చుకునేది అప్పుడే.